బొమ్మలోని గుండె, మంచం మీది గుండె

మా పాత విద్యార్థి ఒకతె ఇప్పుడు నర్సింగ్ స్కూల్లో ట్యూటరు. కొత్తగా చేరే పిల్లలకు గుండె పాఠం ఎలా చెప్పాలో రాసివ్వమని అడిగింది. బొమ్మలు, రంగు పటాలు, తెర మీద కదిలే గుండె అన్నీ తన దగ్గర ఉన్నాయట. నా నుంచి కాస్త అనుభవం వేస్తే చాలట. అన్నం పక్కన ఊరగాయ వడ్డించమన్నట్టు అడిగింది. నాకు అలా వడ్డించడం రాదు. జరిగింది రాస్తాను.

నేను చదువుకున్నది హోసూరులో తెలుగు బడిలో, తర్వాత నర్సింగ్ ఇంగ్లీషులో. కృష్ణగిరిలో వార్డు నర్సుగా పనిచేశాను. ఎవరి నొప్పి ఏ భాషలో ఉంటే ఆ భాషలో మాట్లాడాను. తొంభైల మొదట్లో హోసూరుకు తిరిగొచ్చి ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో ట్యూటరుగా చేరాను, అక్కడే రిటైరయ్యాను. ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు రాయను. వాటి వల్ల ఏ రోగికీ జ్వరం తగ్గలేదు.

ఎర్ర రంగు, నీలి రంగు

మొదటి ఏడాది పిల్లలంతా గుండె బొమ్మ వేస్తారు. కుడి వైపు నీలం, ఎడమ వైపు ఎరుపు, చుట్టూ నల్ల గీత. కొందరు అంచుకు జిగినా కూడా అంటించేవాళ్ళు. తోటి ట్యూటర్లు దాని కింద ‘వెరీ గుడ్’ అని రాసి సంతకం పెట్టేవాళ్ళు. ఆ బొమ్మ వేసిన పిల్లనే పిలిచి, "నీ గుండె ఎక్కడుందో చూపించు" అంటే, సినిమాలో హీరో ప్రేమ చెప్పేటప్పుడు చెయ్యి పెట్టుకునే చోట పెట్టేది. భుజానికి దగ్గరగా. అక్కడ ఉండేది ఊపిరితిత్తి.

గుండె రొమ్ము ఎముక వెనక ఉంటుంది. ఎక్కువ భాగం ఎడమకు ఒరిగి, దాని కొస కిందికీ ఎడమకూ కాస్త ముందుకూ తిరిగి ఉంటుంది. ఎవరి పిడికిలి ఎంతో వాళ్ళ గుండె దాదాపు అంత. పైన రెండు గదులు, కింద రెండు గదులు. పై గదులు రక్తాన్ని అందుకుంటాయి, కింది గదులు నెడతాయి. కుడి కింది గది పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా నెడితే చాలు, అందుకే దాని గోడ పలుచన. ఎడమ కింది గది తల నుంచి కాలి వేళ్ళ దాకా నెట్టాలి, అందుకే దాని గోడ మందం. పై గదికీ కింది గదికీ మధ్య ఒకవైపే తెరుచుకునే తలుపు ఉంటుంది. దాన్నే వాల్వు అంటాం. ‘ద్విపత్ర కవాటం’ అని నోరు తిప్పుకొని పలికినంత మాత్రాన అది ఇంకా బాగా తెరుచుకోదు.

ఇంకొక సంగతి. బొమ్మలో కుడి గుండె మీ ఎడమ చేతి వైపు ఉంటుంది, ఎందుకంటే ఆ బొమ్మ మీకు ఎదురుగా నిలబడ్డ మనిషిది. బొమ్మ వెనక మనిషి ఉన్నాడని గుర్తుంటే ఈ తికమక రాదు. గుర్తుండకపోవడమే అసలు జబ్బు. ఆ జబ్బు ఎంత దూరం పోతుందో కింద రాస్తాను.

గుండె గురించి రాసిన పద్యాలూ కథలూ నేనూ చాలానే చదివాను. కరిగే గుండె, పగిలే గుండె, రాతి గుండె. వార్డులో ఇన్నేళ్ళలో కరిగిన గుండె నాకు కనపడలేదు. అలసిన గుండెలు కనపడ్డాయి. గుండె ఒక కండ. కండ అలసిపోతుంది.

ఉత్సవాల దీపాలు

తొంభైల మధ్యలో ఒక ఏడాది మా స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. స్కూలు యజమానిని అందరూ కరస్పాండెంటు అనేవాళ్ళు. ఇనుప సామాన్ల కొట్టు నడిపే వ్యాపార కుటుంబం ఆయనది. మేకులు అమ్మేవాడు స్కూలు పెట్టకూడదని నేననను. కానీ మేకుల్ని ఆయన తూకం చూసి కొనేవాడు, పాఠాన్ని మాత్రం మెరుపు చూసి కొనేవాడు.

హాల్లో మనిషెత్తు థర్మోకోల్ గుండె నిలబెట్టించాడు. మారెమ్మ ఉత్సవాలకు సీరియల్ దీపాలు కట్టే మూకండపల్లి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి దాని నిండా దీపాలు పెట్టించాడు. స్విచ్చు వేస్తే ముందు కుడి వైపు నీలి దీపాలు పరుగెత్తి ఆగేవి. అవి ఆరిపోయాక ఎడమ వైపు ఎర్ర దీపాలు పరుగెత్తేవి.

"సార్, ఇది తప్పు" అన్నాను. "గుండె కుడి పక్క ఒకసారి, ఎడమ పక్క ఒకసారి కొట్టుకోదు. పై గదులు రెండూ కలిసి ముడుచుకుంటాయి. తర్వాత కింది గదులు రెండూ కలిసి ముడుచుకుంటాయి."

ఆయన దీపాల మీంచి చూపు తిప్పకుండా, "రెండు పక్కలా ఒకేసారి వెలిగితే చూసేకి ఏముంటాదమ్మా? పరుగెత్తితేనే కదా అందం" అన్నాడు.

నిచ్చెన మీంచి ఎలక్ట్రీషియన్ అందుకున్నాడు. "కావాలంటే చక్రం మాదిరి తిప్పుతానక్కా. పోయిన తూరి అమ్మవారి తల వెనక అట్లే తిప్పినాను. జనం కదల్లేదు ఆడనించి."

"వద్దప్పా. గుండె తిరిగితే మనిషి పోతాడు" అన్నాను. ఇద్దరూ నవ్వారు. నేను హాస్యమాడానని అనుకున్నారు.

ముఖ్య అతిథి వచ్చి స్విచ్చు వేశాడు. "గుండె శానా బాగుండాదప్పా" అని కరస్పాండెంటు భుజం తట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతి పరీక్షలో క్లాసులో చాలామంది, ముందు కుడి గుండె కొట్టుకుంటుందని, అది ఆగాక ఎడమ గుండె మొదలవుతుందని రాశారు. ఒకతె ఇంకా ముందుకుపోయి, మొదట నీలం కొట్టుకుంటుందని, తర్వాత ఎరుపు కొట్టుకుంటుందని రాసింది. నేను వారాలపాటు చెప్పిన పాఠాన్ని ఆ దీపాలు ఒక్క పూటలో తుడిచేశాయి.

డెబ్బై రెండు

బొమ్మలు చాలు, ఇక చెవులతో నేర్చుకోండని చెప్పి, పిల్లల చేత ఒకరి గుండె ఒకరికి వినిపించడం మొదలుపెట్టాను. ఆ పని అంతకు ముందు కూడా జరిగేది, కాగితం మీద. యూనిఫాం మీదనే స్టెతస్కోపు ఆనించి, మర్యాదగా తల తిప్పుకొని, రికార్డులో ‘నిమిషానికి డెబ్బై రెండు’ అని రాసేవాళ్ళు. పుస్తకంలో ఆ అంకె ఉంది కాబట్టి మా స్కూల్లో అందరి గుండే డెబ్బై రెండు సార్లే కొట్టుకునేది. మెట్లెక్కి పరుగెత్తుకొచ్చిన పిల్లకూ అంతే, పరీక్ష భయంతో వణికే పిల్లకూ అంతే.

నేను డెమాన్‌స్ట్రేషన్ గదిలో తెర కట్టించి, ఇద్దరిద్దరిని లోపలికి పంపి, గుడ్డ అడ్డం లేకుండా వినమన్నాను. వినే ముందు ఎడమ పక్కకు ఒత్తిగిలమన్నాను. అలా పడుకుంటే గుండె ఎదగోడకు దగ్గరవుతుంది. ఆడపిల్లల చేత గుడ్డలు విప్పిస్తోందని తోటి ట్యూటర్లు గుసగుసలాడారు. రేపు వార్డులో రోగి గుడ్డ తీయాల్సిన వాళ్ళే వీళ్ళు.

ఒక రోజు తెర వెనకకు మునిరత్న, లక్ష్మీదేవి వెళ్ళారు. మునిరత్నది శూలగిరి పక్క అత్తిముగంలో పాత రైతు కుటుంబం. లక్ష్మీదేవి తండ్రికి కృష్ణగిరిలో బట్టల అంగడి. లక్ష్మీదేవి నోరు ఊరుకోదు. కాసేపటికి తెర పక్కకు తోసి తల బయటపెట్టింది.

"మేడం, ఈ స్టెతస్కోపు పాడైపోయినాది. వేరేది ఈండి."

"ఏమైంది?"

"లబ్ డబ్ అని సరిగ్గా రాలేదు. లబ్ దబ్బున కొడతాంది. డబ్ అయినాక గురగురమంటాంది, పిల్లి మాదిరి. గొట్టంలో యాడో బొక్క పడుండాది."

వేరేది ఇచ్చాను. వెంటనే మళ్ళీ తల కనపడింది.

"ఇదీ అంతే మేడం. అన్నీ ఒకే మట్టం సరుకు అంటగట్టినారు మనకు. మా అంగట్లో ఇట్లాంటి పీసు వస్తే మా నాయన ఆ పొద్దే వాపసు పంపుతాడు."

లోపలి నుంచి మునిరత్న గొంతు వినపడింది. "నీ చెవులు వాపసు పంపవే. నా గుండె బాగానే ఉండాది."

నేను వెళ్ళి విన్నాను. స్టెతస్కోపులో లోపం లేదు. గుండె కొస మీద చెయ్యి పెడితే ఆ గురగుర అరచేతికి కూడా తగిలింది.

లక్ష్మీదేవిని ఎగతాళి చేయడం తేలిక. కానీ ఆమె చేసిందే అందరూ చేస్తారు. పుస్తకంలో ఒకటి ఉంది, చెవికి ఇంకొకటి వినపడింది, కాబట్టి పరికరం పాడైంది. స్కూల్లో చేరేటప్పుడు మునిరత్న గుండె సరిగ్గా ఉందని సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు ఆ గుండె మీద స్టెతస్కోపు పెట్టలేదు. పెట్టకుండానే లబ్ డబ్ విన్నాడు. లక్ష్మీదేవి కనీసం విన్నది విన్నట్టు చెప్పింది.

సన్నబడిన తలుపు

"చిన్నప్పుడు కీళ్ళు వాచాయా?" అని మునిరత్నను అడిగాను.

"వాచినాయి మేడం. ఒక మోకాలు తగ్గితే ఇంకో మోకాలు. తాయెత్తు కట్టినారు, పోయినాది."

గొంతు నొప్పితో జ్వరం వచ్చిపోయాక కొందరు పిల్లలకు ఇలా కీళ్ళు వాస్తాయి. తాయెత్తు కట్టినా కట్టకపోయినా ఆ వాపు పోతుంది. గుండె తలుపుకు తగిలిన దెబ్బ పోదు. తలుపు రెక్కలు ఏళ్ళ తరబడి మెల్లగా అతుక్కుపోతాయి. బెంగళూరులో పెద్ద డాక్టర్లకు చూపించాను. ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య తలుపు బాగా సన్నబడిందన్నారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి బెలూను పంపి వెడల్పు చేయొచ్చు, పెళ్ళికీ కాన్పుకూ ముందే చేయించండి అన్నారు.

తిరిగొచ్చాక మునిరత్న ఏడుస్తుందనుకున్నాను. ఆమె తానే డెమాన్‌స్ట్రేషన్ గది మంచమెక్కి క్లాసునంతా పిలిచింది. "వినిపొండే అందరూ. బెలూను పెట్టినారంటే మళ్ళా ఈ పాట రాదు." ప్రతి పిల్లా విన్నది. మా స్కూల్లో ఎవరైనా గుండె నేర్చుకున్నారంటే ఆ పూట నేర్చుకున్నారు.

కరస్పాండెంటు నన్ను పిలిపించాడు. "గుండె జబ్బు పిల్లను నర్సు చేసినామంటే ఊరు నవ్వదామ్మా?"

"జబ్బు బాగుచేయించి నర్సును చేయొచ్చు సార్. బాగయ్యే జబ్బే."

"బాగుచేసేది ఆసుపత్రి పని. మనది స్కూలు" అని, తండ్రికి కబురు పంపాడు.

తండ్రి వెంకటప్ప వచ్చాడు. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూతురు ఎలా ఉందని కాదు. "ఈ సంగతి ఎవరెవరికి చెప్పినారమ్మా?"

"చికిత్స చేసేవాళ్ళకు చెప్పాను."

"ఏం చికిత్స? ఎద్దు మాదిరి పని చేస్తాదమ్మా అది. రాగి కోతలో మగోళ్ళకంటే ముందుంటాది."

"పోయిన కోతలో గట్టు మీద కూర్చుండిపోయినా కదా నాయనా" అంది మునిరత్న.

"నువ్వు సుమ్నే ఉండు" అని ఆయన కూతురి నోరు మూయించాడు.

నేను ఆయనకు విడమరిచి చెప్పాను. గర్భం వస్తే ఒంట్లో రక్తం పెరుగుతుంది. పెరిగిన రక్తమంతా ఆ సన్న తలుపులోంచే పోవాలి. పోలేని రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది, మనిషికి ఊపిరి ఆడదు. ఇప్పుడు చేయిస్తే ఆ భయం చాలావరకు తప్పుతుంది. ఆయన నేల చూస్తూ అంతా విన్నాడు. చివరికి తలెత్తి, "మీకు ఆడపిల్లలు ఉండారామ్మా?" అన్నాడు.

"లేరు."

"అదే మరి" అని కూతురి పెట్టె ఎత్తుకున్నాడు.

వెంకటప్ప దుర్మార్గుడు కాడు. నలుగురి నోళ్ళు ఆయనకు రోజూ వినపడేవి, కూతురి గుండె వినపడేది కాదు. కరస్పాండెంటుకు ఆ సాకు కూడా లేదు. ఆ ఏడాది స్కూలు ప్రకటన కాగితం మీద దీపాల గుండె ఫొటో వేయించాడు.

కల్లావి కోడలు

తర్వాత నేను అత్తిముగం వెళ్ళి అడిగాను, ఉత్తరాలు రాశాను. లాభం లేకపోయింది. రెండు వేల సంవత్సరం దాటాక, మునిరత్న చదువు మానేసి కొన్నేళ్ళయ్యాక, ఒక రోజు భర్తతో స్కూలుకు వచ్చింది. కృష్ణగిరి అవతల కల్లావిలో ఇచ్చారట. అత్తవారిదీ వ్యవసాయమే. కడుపుతో ఉంది. మేడ మెట్ల సగంలో ఆగి కమ్మీ పట్టుకుని, పైన ఉన్న నన్ను చూసి నవ్వింది.

"మెట్లు ఎక్కువ చేసినారా మేడం?"

"రాత్రి పడుకునేటప్పుడు ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నావు?" అని అడిగాను.

"మూడు. రాణి మాదిరి పండుకుంటానని మా అత్త నవ్వుతాది."

భర్త పేరు నాగరాజు. మెల్లగా మాట్లాడే మనిషి. "ఈ గుండె సంగతి నాకు నిన్ననే చెప్పినాదమ్మా. మొదట్లోనే చెప్పుంటే మొదట్లోనే ఆసుపత్రికి పోయుంటాం."

"చెప్తే నన్ను వద్దంటావనుకున్నా" అంది మునిరత్న.

"పెళ్ళయినాక ఎట్ల వద్దంటారే?"

ఇట్నుంచి ఇటే బెంగళూరు పొండి అన్నాను. బస్టాండు దగ్గరే ఉంది. ఇంట్లో చెప్పి రావాలని, ఆవులను ఎవరికైనా అప్పజెప్పాలని, సోమవారం తప్పకుండా పోతామని అన్నారు. ఈ రోజే పొమ్మని గట్టిగానే చెప్పాను. చేతులు జోడించి వెళ్ళారు.

ఆదివారం మధ్యాహ్నం ఆమెకు ఆయాసం ముదిరింది. కారులో బెంగళూరుకు బయల్దేరి, దారిలో ఇక ఆగలేక కృష్ణగిరిలో ఒక నర్సింగ్ హోంకు తీసుకుపోయారు. అక్కడ పోయింది. కడుపులో బిడ్డా పోయింది. నాకు కబురు అంది కల్లావి వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. నాగరాజు గోడకు ఆనుకుని చెప్పాడు.

"కార్లో కూర్చునే వచ్చినాదమ్మా. ఆడికి పోతానే మంచం మీద వెల్లకిలా పండబెట్టినారు. అది లేస్తాది, ఆళ్ళు పండబెడతారు. సెలైను పెట్టి, బిన్నా ఎక్కాలని బిరబిరా కారేట్టు చక్రం తిప్పినారు. ‘పండుకోలేను, కూర్చోబెట్టండి’ అంటాది. ఇంకేం చెప్పేకీ ఊపిరి లేదు. నేను లేపబోతే, ‘కడుపుతో ఉండే మనిషిని అట్ల లేపగూడదు, నువ్వు బయట ఉండప్పా’ అన్నాది నర్సమ్మ. డాక్టరు భోజనానికి పోయినాడు. వచ్చేటప్పటికి నోట్లో నురగ."

మనిషి వెల్లకిలా పడుకుంటే కాళ్ళలోని రక్తం కూడా ఛాతీలోకి చేరుతుంది. తలుపు సన్నగా ఉన్నప్పుడు అదంతా ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది. పైగా సెలైను. అలాంటి మనిషిని కూర్చోబెట్టాలి, కాళ్ళు కిందికి వేలాడేయించాలి, ఆక్సిజన్ పెట్టాలి, భోజనం మధ్యలో ఉన్నా సరే డాక్టరును పిలిపించాలి. ఇవన్నీ చేసి ఉంటే బతికేదని నేను ప్రమాణం చేయను. గుండె అప్పటికే బాగా అలసిపోయి ఉండవచ్చు. చేయలేదు అన్నది మాత్రం నిజం.

ప్రమీల

ఆ నర్సింగ్ హోంకు వెళ్ళాను. ఆ పూట డ్యూటీలో ఉన్న నర్సు ప్రమీల. మా స్కూల్లోనే, మునిరత్న కంటే చాలా ముందు బ్యాచ్‌లో చదివింది. క్లాసులో మొదటి మార్కు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి కుర్చీ వేసింది, కాఫీ తెప్పించింది.

"ప్రమీలా, ఒక ప్రశ్న అడుగుతాను" అన్నాను. "ఎడమ పై గది నుంచి కింది గదికి రక్తం పోలేకపోతే ఏమవుతుంది?"

క్లాసులో నిలబడ్డట్టు చేతులు కట్టుకుంది. "వెనక్కి పోయి ఊపిరితిత్తుల్లో నిలుస్తాది మేడం. ఆయాసం వస్తాది. పండుకుంటే ఎక్కువైతాది."

"అప్పుడు ఏం చేయాలి?"

"కూర్చోబెట్టాల. సెలైను ఆపాల." అని ఆగింది. ముఖం మారింది. ఆదివారం వచ్చిన మునిరత్న మా స్కూలు పిల్లేనని, తన వెనక బ్యాచ్‌లలో చదివిందని చెప్పాను.

ప్రమీల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు తెల్దు మేడం. పల్లె నించి వచ్చిన మామూలు ఆడమనిషి, భయపడి లేస్తా ఉండాదనుకున్నాను. నర్సింగ్ చదివినాదని తెలిసుంటే ఆమె మాట వినుంటాను."

ఆ మాట నిజాయితీగానే అంది. నన్ను ఓదార్చడానికే అంది. నేను కాఫీ ముట్టకుండా లేచి వచ్చేశాను. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు మీకు చెబుతున్నాను.

ఆమె పల్లె నుంచి వచ్చిన మామూలు ఆడమనిషే అయినా చెప్పేది ఆ మాటే. పడుకోలేనని చెప్పడానికి ఎవరికీ నర్సింగ్ చదువు అక్కర్లేదు. ఊపిరి అందని మనిషి తన పేరు చెప్పదు, చదువు చెప్పదు, జబ్బు పేరు చెప్పదు. లేచి కూర్చోవడానికి చూస్తుంది, అంతే. కూర్చోబెట్టండి. ఎందుకో తర్వాత పుస్తకంలో చూసుకోండి.